చీరల కంచె దాటిన ఇర్రి

"నిలకడ" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. ప్రతి ఏడూ ఒక రోజు బోర్డు మీద ఒక గీత గీయాలి. అడుగున పాకుతూ మొదలై, మధ్యలో నిటారుగా పైకి లేచి, చివరికి చదునైపోయే గీత. ఒక నేల ఎన్ని జీవాలను సాకగలదో అక్కడిదాకా వచ్చి పెరుగుదల ఆగిపోతుంది, ఆ తర్వాత సంఖ్య నిలకడగా ఉంటుంది అని చెప్పాలి. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. పరీక్షలో తప్పకుండా అడుగుతారు కాబట్టి నేను కూడా రెండుసార్లు చెప్తాను. ఆ చదును గీతకు పెద్ద కష్టం లేదు, సుద్దముక్కను అడ్డంగా లాగితే అయిపోతుంది. కానీ ఆ గీతలో మా ఇంటి ప్రాణి ఒకటి ఉంది. దానికి మా ఊరి బీడులో నిలబడేటంత చోటు దొరుకుతుందా లేదా అని మా అమ్మ పడ్డ ఆరాటం ఉంది. అది పుస్తకంలో లేదు.

మాది పాలమూరు జిల్లాలో కృష్ణ ఒడ్డు ఊరు. నల్లరేగడి నేల, కంది, జొన్న, పత్తి. నా చిన్నప్పుడు జింక కనబడితే అది ఊరంతటికీ వార్త. వేటగాళ్ల భయానికి అవి ఎక్కడో ఏటి వారన బతికేవి. తర్వాత వేట మీద కేసులు పడటం మొదలైంది, జనం భయపడ్డారు, జింకలు ఊపిరి పీల్చుకున్నాయి. తెలంగాణ వచ్చిన కొత్తల్లో నేను సెలవులకు ఇంటికి పోతే ప్రతిసారీ మంద పెద్దదై కనిపించేది. బస్సు ఆపి మరీ ఫోన్లలో వీడియోలు తీసుకునేవాళ్లు. నల్లటి ఇర్రులు, అదే మగ జింకలు, మెలితిరిగిన కొమ్ములు ఎత్తి నడుస్తుంటే కండ్లు తిప్పుకోబుద్ధి కాదు. చూసేవాళ్లకు సంబరమే. మొలకలు పోగొట్టుకున్న రైతును అడిగితే ఆ కొమ్ములు ఎక్కడ గుచ్చుకున్నాయో చెప్తాడు.

ఆ తర్వాత కాలువ వచ్చింది. నీళ్లొచ్చినందుకు ఏడవకూడదు, మా అన్న కూడా ఒక చెక్క పొలంలో వరి వేసుకున్నాడు. కానీ అంతవరకు పడావు పడి ఉన్న భూములన్నీ దుక్కిలోకి వచ్చాయి. కాలువకూ ఏటికీ మధ్య, నీళ్లెక్కని బీడు మాత్రం మిగిలింది. జింకలన్నీ అక్కడికి చేరాయి. పిల్లలు పుడుతూనే ఉన్నాయి. కొన్నింటిని ఊరకుక్కలు పట్టాయి. కొన్ని నీళ్లు తాగబోయి కాలువలో జారి, సిమెంటు గోడ ఎక్కలేక చచ్చాయి. ఎండాకాలం తల్లులకు పాలు లేక కొన్ని పోయాయి. మంద అక్కడితో ఆగింది. అంతే, నా బోర్డు మీది గీత చదునైంది.

ఇక చీరల సంగతి చెప్పాలి. మా వైపు చేనుకు కంచె అంటే చీరలే. గాలికి రంగు గుడ్డ ఊగితే జింక బెదురుతుంది. అందుకని పాత చీరలను కర్రలకు పొడుగ్గా కట్టి చేను చుట్టూ తిప్పుతారు. విత్తనం వేసే రోజుల్లో ఊరి బయట నిలబడి చూస్తే ఆడవాళ్ల పెట్టెలన్నీ పొలాల్లో బోర్లించినట్టు ఉంటుంది. ఏ చీర ఎవరిదో అందరికీ తెలుసు. "ఏమే, నీ పెండ్లి చీర పత్తికి కావలి కాస్తాంది, నీ మొగడు ఇంట్ల పన్నడా?" అని ఒకరినొకరు ఆట పట్టించుకునేవాళ్లు. చీరలు చాలని వాళ్లు అడిగి తీసుకుంటారు. లేదనడం మర్యాద కాదు.

అట్లాంటి ఊళ్లో, కంది కోతలప్పుడు, మా అమ్మ చెంగులో ఒక జింక పిల్లను చుట్టుకుని ఇంటికి వచ్చింది. నేను ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను.

"ఏందమ్మా గిది?"

"జింక పిల్ల. కండ్లు కనబడ్తలేవా?"

"ఎందుకు తెచ్చినవని అడుగుతున్న."

"పొద్దుగాల కంది కొయ్యల్ల పండుకోనుండె. పగటీలి సూసిన, గాడనే ఉంది. తల్లి జాడ లేదు. కుక్కలు తిరుగుతున్నయి. ఇడిసిపెట్టి రమ్మంటవా?"

నాకు తెలిసింది చెప్పాను. జింకలు పిల్లలను అట్లానే గడ్డిలో దాచి దూరంగా మేస్తాయి, మనిషి అలికిడి ఉన్నంతసేపు దగ్గరికి రావు, అది వదిలేసిన పిల్ల కాదు, దాచిన పిల్ల అని. వెంటనే తీసుకుపోయి అక్కడే పెట్టమన్నాను.

అమ్మకు కోపం వచ్చింది. "నువ్వు సదివిన జింకకు పాలున్నయేమో. నేను సూసిన జింకలకు తోలు, బొక్కలే ఉన్నయి. నిరుడు ఎన్ని పిల్లలు గిట్ల పండుకున్న కాడనే ఎండిపోయినయో నువ్వు సూసినవా?"

అయినా నేను వదల్లేదు. ఎండ తగ్గాక ఇద్దరం పోయాం. పిల్లను కోసిన కంది కొయ్యల్లో పెట్టి గట్టు చాటున కూర్చున్నాం. ఏ తల్లీ రాలేదు. కుక్కలు మాత్రం వచ్చాయి. అమ్మ లేచి పోయి పిల్లను ఎత్తుకుంది, నా వైపు చూడలేదు. తల్లి నిజంగా వదిలేసిందా, మనుషుల వాసనకు జంకి రాలేదా అన్నది నాకు ఈ రోజుకూ తెలియదు. అమ్మకూ తెలియదు. తెలిసినట్టు మాట్లాడేది, అంతే.

అమ్మ గొర్లు మేపిన ఇంట్లో పుట్టింది. తల్లి చచ్చిన పిల్లను ఇంకో తల్లికి అలవాటు చెయ్యడం ఆమెకు పుట్టింటి విద్య. అప్పుడు మా దొడ్లో పిల్ల పోయిన మేక ఒకటి ఉంది. అమ్మ తన పాత ఆకుపచ్చ చీరను ఆ మేకకు రుద్ది రుద్ది, అదే చీరలో జింక పిల్లను చుట్టి దాని పొదుగు కింద పెట్టింది. మేక తన్నింది. అమ్మ దాన్ని నానా తిట్లూ తిట్టింది. మళ్లీ పెట్టింది. రెండు రోజులకు మేక ఒప్పుకుంది. పిల్ల మాత్రం ఆ చీరను వదల్లేదు. చీర పరిస్తేనే పడుకునేది. కుక్క అరిస్తే పరుగెత్తుకొచ్చి అమ్మ కుచ్చిళ్లలో తల దూర్చేది. పాలు తాగిన తర్వాత కూడా కొంగు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ ఉండేది. అమ్మ కొంగులన్నీ అంచున నానిపోయి ఉండేవి.

అన్నకు పట్టరాని కోపం. "మన చేను తినేదాన్ని మన మేక పాలు పోసి సాకుతున్నవా? నీకేమన్న తలకాయ ఉందా అమ్మా?"

"ఇది మన చేను తినది. ఇది మన ఇంటిది."

"ఆఁ, సంతకం పెట్టిచ్చిందా?"

కొమ్ములు మొలిచాక అది అన్నను వెనుక నుంచి ఒక్కటి పొడిచింది. అన్న పోయి పేడకుప్పలో బోర్లా పడ్డాడు. వదిన నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది. అమ్మ మాత్రం నవ్వకుండా, "ఆడుకుంటాంది, నీకేం తెల్వదు" అంది. ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్వులుండేవి. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

జింకల లెక్క చూడటానికి అటవీ శాఖ వాచర్ ఒకడు వచ్చేవాడు. పక్క ఊరి మనిషే, మంచివాడే. మా దొడ్లో ఇర్రిని చూసి నెత్తి పట్టుకున్నాడు. "అమ్మా, గిది ఇంట్ల ఉంటె కేసైతది. జైలుకు వోతవు. పట్నం జూకన్న పంపుదాం, లేకుంటె మందల కలుపు."

జూ అనగానే అమ్మ మొహం మాడిపోయింది. "జాలీల ఏస్తరా? వద్దు. మందలనే కలుపుత. దాని జాతి దాన్ని కాదంటదా?"

కాదంటుందని నాకు తెలుసు. బీడులో మంచి మేత ఉన్న తావునంతా పెద్ద ఇర్రులు పంచుకుని ఉంటాయి. ఒక్కొక్కటి తన జాగాలోకి ఇంకో మగదాన్ని రానివ్వదు. మంద పెరిగే రోజుల్లో అయితే కొత్తదానికి ఎక్కడో ఒక మూల దొరికేది. ఇప్పుడు మూలలు లేవు. అమ్మకు చెప్పాను. "చెప్పుడు అయిందా? జర ఊకో" అంది.

ఒక పొద్దున అమ్మ దాని మెడలో తాను కట్టిన మువ్వ విప్పింది. మువ్వ చప్పుడుకు మంద బెదురుతుందని. తర్వాత కొంగు ముందుకు పట్టుకుని నడిచింది. అది కొంగు వెంట నడిచింది. కాలువ కల్వర్టు దాటి బీడులోకి పోయి, మంద కనిపించేటంత దూరంలో అమ్మ ఆగిపోయింది. మా ఇర్రి మందను చూసింది, చెవులు నిక్కించింది, పోయింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. అవతల నుంచి ఒక నల్ల ఇర్రి మెడ వెనక్కి వంచి, బిగుసుకుపోయిన కాళ్లతో నడిచి వచ్చింది. మావాడు అది ఆట అనుకున్నాడు. మేకపిల్లలతో ఆడినట్టు ఎగిరి తల వంచాడు. ఆ ఇర్రి ఆట ఆడలేదు. డొక్కలో పొడిచింది.

మేం ఇంటికి చేరకముందే అది మా ముందు పరుగెత్తింది, రక్తంతో. అమ్మ పసుపు పెట్టి కట్టు కట్టింది. మానాక మళ్లీ తీసుకుపోయింది. మళ్లీ తరిమేశాయి. వాచర్ చూసి నవ్వలేక నవ్వి, "బీడంతా పంచుకున్నరమ్మా. మీవోనికి పట్టా లేదు" అన్నాడు.

"అయితె ఏడ వోవాలె?" అని అడిగింది అమ్మ.

"ఏడనో ఒక కాడ" అన్నాడు.

చివరిసారి అది తిరిగి వచ్చినప్పుడు అమ్మ దొడ్డి తడిక వేసేసింది. లోపల గోడకు ఆనుకుని కూర్చుంది. అది బయట నిలబడి తడికను కొమ్ములతో గీరింది. కాసేపు అరిచింది. అమ్మ చెవులు మూసుకోలేదు, విన్నది. నేను తెరుస్తానని లేస్తే, "కూసో! నువ్వు తెరిస్తె అది ఎన్నటికి మందల కలువది" అని గసిరింది. పొద్దు గూకేసరికి చప్పుడు ఆగింది. అమ్మ ఆ పూట అన్నం తినలేదు. నేను తిన్నాను, అబద్ధమెందుకు.

ఇర్రి మందలో కలవలేదు. మందకు పనికిరాని మగ జింకలు ఇంకొన్ని ఉన్నాయి, కాలువ గట్టు వెంట తిరిగేవి. గట్టు మీద గడ్డేముంటుంది, ముళ్లకంప తప్ప. వాటితో తిరిగింది. అవి బతకాలంటే చేన్లలో పడాల్సిందే. పడ్డాయి. అమ్మ చేను పనికి పోయినప్పుడు దూరం నుంచి దాన్ని చూసేది. అది తలెత్తి చూస్తే ఈమె గట్టు చాటుకు ఒంగేది, వెంట వస్తుందేమోనని. కన్నబిడ్డకు కనబడకుండా దాక్కునే కర్మ ఎవరికైనా ఉంటుందా? మా అమ్మకు పట్టింది.

కొన్నాళ్లకు ఊళ్లో ఒక మాట మొదలైంది. "గా ఒక్కటి చీరలకు భయపడ్తలేదు. సీదా చీర మీదికే వస్తాంది." మిగతావి కంచె బయటే ఆగుతుంటే ఒకటి మాత్రం చీరల్లో తల దూర్చి లోపలికి పోతోందట. అమ్మ నాకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పింది, గొంతులో గర్వంతో. "మావోడే. చీరను జూస్తె ఎందుకు భయపడ్తడు? చీరల పెరిగినోడాయె." నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వానో దేవుడికే తెలియాలి.

మా నాయిన తమ్ముడి వరస ఒకాయన ఉన్నాడు. చిన్నాయిన అంటాం. ఏటి వైపు ఆయనకు పల్లి చేను ఉంది. ఆ ఏడు అడవి పందులు ఆయన చేనంతా తవ్విపోశాయి. జింకలు మీద నుంచి, పందులు కింద నుంచి. మనిషి సగమైపోయాడు, అది నిజం. మళ్లీ విత్తనం వేసి, చీరలకని మా ఇంటికి వచ్చాడు. "వదినే, పాత చీరలుంటె ఇయ్యి. మీ కొడుకే నా చేను తింటున్నడని ఊరంత అంటున్నరు." ఎగతాళిగానే అన్నాడు. అమ్మకు సిగ్గనిపించింది. మూట మొత్తం ఇచ్చేసింది. అడుగున ఆ ఆకుపచ్చ చీర ఉందని చూసుకోలేదు. చూసుకున్నా ఇచ్చేదేమో, అడిగితే లేదనే అలవాటు లేదు కదా.

చిన్నాయిన చీరలు కట్టాడు. చీరల కింద, పందుల కోసమని, కరెంటు తీగ కూడా లాగాడు. ఎవరికీ చెప్పలేదు.

ఒక పొద్దున అన్న ఫోన్ చేశాడు. నేను దొరికిన బస్సు పట్టుకుని వచ్చేసరికి అమ్మ ఇంకా ఆ చేను గట్టు మీదే కూర్చుని ఉంది. అన్న చెప్పాడు: పొద్దున పనికి పోతూ అమ్మ దూరం నుంచి మొదట ఆ ఆకుపచ్చ చీరను గుర్తుపట్టిందట. "నా చీర కింద పడింది, లేపి కడుత" అనుకుంటూ దగ్గరికి పోయిందట. చీర కింద ఇర్రి ఉంది. అప్పుడప్పుడే నలుపు తిరుగుతున్న వీపు. కొంగు దాని నోట్లో ఉంది. మేయడానికి వచ్చిన జింక గుడ్డను నోట్లో పెట్టుకోదు. నాకు తెలిసిన జువాలజీలో అట్లా ఎక్కడా లేదు.

చిన్నాయిన చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "పందుల కోసం పెట్టిన వదినే. ఒట్టు. నాకేం తెలుసు?" నేను ఆయనను నోటికొచ్చినట్టు తిట్టాను. దొంగ కరెంటు, మనిషి కాలు పెడితే ఏమయ్యేది, నీకు బుద్ధుందా, గడ్డి తింటున్నావా అని. అమ్మే నన్ను ఆపింది. "ఆయన్నెందుకు తిడ్తవు? ఆయనకు సుత గా చెక్కనే ఉంది." ఆ మాటతో నాకు ఇంకా మండింది. తిట్టడానికి ఎవరూ లేకపోతే కోపం ఎక్కడ పెట్టుకోవాలి? అన్న గునపం తెచ్చి మా కంది చేను మూలన గుంత తవ్వాడు. పేడకుప్పలో పడ్డ రోజు ఆ జింకను చంపుతానని ఎగిరిన మనిషి, గుంత లోతు చాలలేదని మళ్లీ మళ్లీ దిగి తవ్వాడు. అమ్మ చీరతో సహా పెట్టించింది.

తర్వాత వాచర్ లెక్క కోసం వచ్చాడు. ఇర్రి సంగతి విన్నాడు, అయ్యో అన్నాడు. గుంత దిక్కు చూసి, తాను చూడనట్టే ఉంటానని తలూపాడు. అమ్మ ఇచ్చిన చల్ల తాగి, ఆమెను ఓదార్చాలనే అనుకుంటాను, అన్నాడు:

"జింకలకు ఏం ఫికర్ లేదమ్మా. తగ్గలే. పోయినేడు ఎన్నున్నయో ఈయేడు సుత అన్నే ఉన్నయి. నిలకడగ ఉన్నయి."

అమ్మ అతని చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంది.

"అన్నే ఉన్నయా?"

"అన్నే."

"మరి మావోడు?"

"దాని జాగల ఇంకోటి పుట్టుంటది."

"పుట్టినదానికి జాగ కావాలంటె మావోడు సావాలె. గా లెక్కనే కద నువ్వు రాసేది?"

అతను చెప్పులు వేసుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను, జవాబు నాకు తెలుసు. పిల్లలకైతే చెప్పేదాన్ని.

మర్నాడు కాలేజీలో పాఠం అదే వచ్చిందని రాస్తే కథలా ఉంటుంది. రాలేదు. బొద్దింక జీర్ణవ్యవస్థ వచ్చింది. గీత మరుసటి ఏడు వచ్చింది, గీశాను. చదునైన చోట ఒక పిల్ల లేచి, "మేడం, ఇక్కడ ఏం జరుగుతది?" అని అడిగింది. "పుట్టినన్ని చస్తాయి, కూర్చో" అన్నాను. క్లాసు నవ్వింది. గట్టిగా అరిచి అందరినీ నిలబెట్టాను. పాపం, వాళ్లకేం తెలుసు.

ఇప్పుడు మా చేనుకు చీరలు లేవు. అన్న వల కొని కట్టాడు, సగం చిరిగింది, జింకలు వస్తాయి, తింటాయి. విత్తనాల రోజుల్లో ఎవరైనా చీరలు అడగడానికి వస్తే వదిన ఇబ్బందిగా లోపలికి చూస్తుంది. అమ్మ తలుపు దగ్గరికి వచ్చి లేవని చెప్తుంది. అరవై దాటాక నేర్చుకుంది ఆ మాట. తన చీర పాతబడితే తనే స్నానాల నీళ్లపొయ్యిలో పెడుతుంది. కొంగు మొదట పెడుతుంది. అది పూర్తిగా కాలేదాకా పొయ్యి ముందు నుంచి లేవదు.